ఉక్కగా ఉందన్నాడు ఆర్విల్

మా కాలంలో వేసవి అంటే బీన్స్. కోయడం, ఈనెలు లాగడం, గాజు సీసాల్లో కూరి ఉడకబెట్టడం, చలికాలానికి నేలమాళిగలో వరసగా నిలబెట్టడం. నేను బడి మానేసింది కూడా ఒక బీన్స్ కాలంలోనే. మా అమ్మకు చేతులు చాలక నన్ను ఆపేసింది, తర్వాత మళ్ళీ పొమ్మని ఎవరూ అనలేదు. డాక్టరు కావాలనుకునే ఇప్పటి కాలేజీ పిల్లల వేసవి వేరు. వాళ్ళు వేసవంతా నీడ పని చేస్తారు.

నీడ పని అంటే ఇంతే. ఎవరో ఒక డాక్టరును బతిమాలి పట్టుకోవాలి. ఆయన ఏ గదిలోకి పోతే ఆ గదిలోకి వెనకే పోయి, మూలన స్టూలు మీద కూర్చుని చూడాలి. ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. జీతం ఉండదు. నా మనవరాలు రేలిన్ ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది.

"ఊరికే కూర్చుంటే పనెలా వస్తుందే? నిన్ను నా వంటింట్లో స్టూలు మీద కూర్చోబెడితే మొక్కజొన్న రొట్టె చేయడం వచ్చేసేదా?"

"అలాగే కదా నేర్పావు అమ్మమ్మా. పిండి ముట్టుకుంటే చేతి మీద కొట్టేదానివి."

అది నిజమే. నా ఇనప పెనం మీద ఇంకొకరి చెయ్యి పడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రేలిన్‌ను నేనే పెంచాను. దాని తల్లి సంగతి ఇక్కడ ఎత్తను. తూర్పు కెంటకీ కొండల్లో మత్తు మాత్రల పాలైన మనిషి లేని ఇల్లు వెతికినా దొరకదు, మా ఇంట్లో ఆ మనిషి నా కూతురు. అందుకనే కాబోలు, ఈ పిల్ల చిన్నప్పటినుంచీ డాక్టరునవుతానంది. బొమ్మకు కట్లు కట్టేది, మా కుక్కకు గుండె చప్పుడు వినేది. కాలేజీలో సీటు వచ్చిననాడు చర్చిలో అందరూ నిలబడి పాడారు. అక్కడికి పోయాక తెలిసింది, మార్కులు చాలవట. డాక్టరు పక్కన నిలబడి చూడని పిల్లను వైద్య కళాశాలవాళ్ళు గుమ్మం కూడా ఎక్కనివ్వరట. పట్నం పిల్లలకు బాబాయో మేనమామో ఎవరో ఒక డాక్టరు ఉంటాడు. మా వంశంలో డాక్టరుకు దగ్గరగా వచ్చినవాళ్ళంటే గనిలో దెబ్బ తగిలి ఆసుపత్రికి మోసుకుపోయినవాళ్ళే.

ఆ వసంతమంతా పిల్ల ఫోన్లు చేస్తూనే ఉంది. ఒకచోట కుదరదన్నారు, ఒకచోట మళ్ళీ చెప్తామన్నారు, చాలాచోట్ల అసలు ఎత్తనే లేదు. చివరికి మా ఊరి క్లినిక్‌లో డాక్టర్ బ్రాంట్ సరేనన్నాడు. ఆయన ఉత్తరాదివాడు. గడువు పెట్టుకుని మా కొండల్లోకి వచ్చే డాక్టర్లలో ఒకడు. అలాంటివాళ్ళు గడువు తీరగానే పోతారు, వాళ్ళ పేర్లు కూడా మాకు సరిగా నోరు తిరగకముందే పోతారు. అయినా మంచివాడే. వాన పడుతున్నా ముసలమ్మల చెయ్యి పట్టుకుని కారు దాకా దింపేవాడు. మా కౌంటీ ఆసుపత్రి మూతపడ్డాక మాకు మిగిలింది ఆ క్లినిక్ ఒక్కటే. పెద్ద ఆసుపత్రి కావాలంటే కొండ దాటి పోవాలి.

మొదటి రోజే ఆయన రేలిన్‌కు ఒక మాట చెప్పాడు.

"నీకంటే ముందు ఒక అమ్మాయి వచ్చింది. రోగి తన జబ్బు చెప్పుకుంటుంటే, మా తాతకూ ఇదే వచ్చింది, పోయాడు అని మధ్యలో అందుకుంది. ఆయన గదిలోనే భోరుమన్నాడు. ఆ సాయంత్రమే ఆ అమ్మాయిని పంపించేశాను. గదిలో నీకు నోరు లేదు. అర్థమైందా?"

"అర్థమైంది డాక్టరుగారూ."

దానికి తోడు ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. గదిలో విన్నది గది దాటి పోకూడదు, కన్నతల్లికైనా చెప్పకూడదు. "మా చర్చి ఆడవాళ్ళు ఒక్కరూ ఆ సంతకం చేయలేరే," అన్నాను నేను. రేలిన్ నవ్వలేదు. అది అలాంటి మాటలు గట్టిగా పట్టించుకునే పిల్ల.

ఇక ఆర్విల్ సంగతి. ఆర్విల్ స్లోన్ మా వాగుకు అవతలి గట్టున ఉండేవాడు. నాకంటే కొంచెం చిన్న. జీవితమంతా బొగ్గు గనిలో చేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకుని బయటికొచ్చాడు. భార్య ఓర్లీనా పోయాక ఒంటిగాడు. చర్చిలో అందరం అక్కా తమ్ముడూ అని పిలుచుకుంటాం కాబట్టి నన్ను వెర్లీ అక్కా అనేవాడు. మాకు కారు లేదు. పిల్ల క్లినిక్‌కు ఎలా పోతుందా అని నేను గింజుకుంటుంటే ఆయనే వచ్చి వరండాలో నిలబడ్డాడు.

"రోజూ నేను తీసుకెళ్ళి తీసుకొస్తాను అక్కా. నాకు మాత్రం ఏం పనుంది, ఆ ట్రక్కు నేనూ ఇద్దరం తుప్పు పట్టడం తప్ప."

"పెట్రోలు డబ్బులు ఇస్తాను."

"బీన్స్ ఇవ్వు. పంది కొవ్వు వేసి వండు, ఏడిపించకు."

అలా పొద్దున్నే మంచు కొండల మీదినుంచి లేవకముందే ఆయన ట్రక్కు మా వంతెన మీద గలగలమనేది. తలుపు తీస్తూ "రండి డాక్టరమ్మగారూ, రథం సిద్ధం" అనేవాడు. మొదట్లో రేలిన్ సిగ్గుపడేది. తర్వాత తర్వాత, "నెమ్మదిగా తోలు తాతా, నాకింకా రోగులు కావాలి, నువ్వే మొదటివాడివైతే ఎలా" అని ఎదురు వేసేది. ఇద్దరి నవ్వూ వాగు మలుపు దాకా వినపడేది. ఆ నవ్వు వినడానికే కాఫీ కప్పు పట్టుకుని వరండాలో నిలబడేదాన్ని.

జూలైలో మా కౌంటీ సగం మిర్టిల్ బీచ్‌కు పోతుంది. పక్కింటివాళ్ళను ఇక్కడ చూడకపోతే అక్కడ ఇసకలో చూడొచ్చు. క్లినిక్‌లో నర్సు ట్వైలా కూడా ఆ వారం అక్కడికే పోయింది. ట్వైలా మా వాగు పిల్ల, మా మాట పుట్టుకతో తెలిసినది. ఆమె ఉండుంటే నేను ఈ కథ రాసే పని ఉండేది కాదు. ఆమె బదులు లెక్సింగ్టన్ పట్నం నుంచి ఇంకెవరో వచ్చారు. ఆర్విల్ చూపించుకునే రోజు సరిగ్గా ఆ వారంలోనే పడింది.

ఆ గదిలో జరిగింది నాకు తర్వాత రేలిన్ చెప్పింది. చెప్పనని సంతకం చేసిన మాట అప్పటికి ఎవరినీ కాపాడే స్థితిలో లేదు.

మావాళ్ళు డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు చర్చికి పోయినట్టే పోతారు. మంచి చొక్కా, దువ్విన జుట్టు. ఆర్విల్ తన మంచి బూట్లు వేసుకున్నాడు, తోలువి, చీలమండ పైదాకా లేసులు బిగించి కట్టేవి. ఆ వేసవిలో ఆయన మామూలుగా తొడిగేది లేసులు ఊడదీసిన పాత చెప్పుల్లాంటి జోడు. అది నేను చూశాను, రేలిన్ చూసింది. ఎండకు అనుకున్నాం. ఆ రోజు మాత్రం కాళ్ళు ఎలా కూరాడో ఏమో, బూట్లలో కూరాడు.

డాక్టరు అలవాటు ప్రకారం అడిగాడు. "ఈ అమ్మాయి విద్యార్థిని. మీకు ఇబ్బంది లేకపోతే ఇక్కడే కూర్చుంటుంది."

"ఇబ్బందా? మా పిల్లేనండీ. రేపు మీ కుర్చీలో కూర్చునేది అదే. కుర్చీ జాగ్రత్తగా వాడండి."

డాక్టరు నవ్వాడు. కొత్త నర్సు తూకం చూసి చెప్పింది, బరువు బాగా పెరిగాడని. "మా వెర్లీ అక్క బీన్స్ అండీ," అన్నాడు ఆర్విల్, "ఆమె మీద కేసు పెట్టాలి." డాక్టరు మళ్ళీ నవ్వాడు.

"ఊపిరి ఎలా ఉంది?"

"ఎప్పట్లాగేనండీ."

గని మనిషిని ఊపిరి గురించి అడిగితే అదే చెప్తాడు. దుమ్ము ఆయనకు కొత్త కాదు. డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు. గని మనిషి రొమ్ములో ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు ఉంటుంది, దాంట్లో కొత్త చప్పుడు ఏదో పాతది ఏదో ఎవరు చెప్పగలరు?

"నిద్ర పడుతోందా?"

"అదేనండీ కాస్త. రాత్రిళ్ళు ఉక్కగా ఉంటోంది. లేచి వాలుకుర్చీలో కూర్చుంటే నయం."

ఈ మాట సంగతి ఇక్కడ చెప్పాలి. పట్నంవాళ్ళకు ఉక్క అంటే గాలి లేకపోవడం, చెమట పట్టడం. మా కొండల్లో మనిషి తనకు ఉక్కగా ఉందంటే దానికి ఎండతో పని లేదు, మంచు పడే రోజుల్లో కూడా అంటాం. పడుకుంటే రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టినట్టు ఉండటం, నీళ్ళలో మునిగి పైకి రాలేనట్టు ఉండటం, లేచి కూర్చుంటే కాస్త తగ్గడం, అదీ ఉక్క. దుమ్ము వేరు, ఉక్క వేరు. దుమ్ముతో మనిషి ఏళ్ళ తరబడి దగ్గుతూ బతుకుతాడు. ఉక్క అన్నాడంటే ఇంట్లో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మారుమాట లేకుండా దిండ్లు తెచ్చి వీపు వెనక పేరుస్తారు. మా అమ్మ అలాగే అంది. ఓర్లీనా అలాగే అంది.

డాక్టర్ బ్రాంట్ కిటికీలోంచి బయటి ఎండ చూశాడు.

"ఈ ఏడు మరీ ఘోరంగా ఉంది. మీ ఇంట్లో ఏసీ ఉందా?"

"కిటికీలో ఫ్యాను ఉందండీ."

"దాన్ని మంచం దగ్గరికి జరుపుకోండి. నీళ్ళు బాగా తాగండి. మీ వయసువాళ్ళకు దాహం తెలీదు, వేసవిలో అలాగే పడిపోతారు. పెద్ద జగ్గు ఒకటి పక్కన పెట్టుకుని రోజంతా తాగుతూనే ఉండండి."

రేలిన్ నోరు తెరిచింది. మాట నాలుక దాకా వచ్చిందంటుంది. సరిగ్గా అప్పుడే డాక్టరు ఏదో అందుకోవడానికి అటు తిరిగి, తెరిచిన ఆ నోటికేసి చూశాడు. కోపంగా కూడా కాదు, ఊరికే చూశాడు. అది నోరు మూసేసింది. ఆర్విల్ పోతూ పోతూ దానికి కన్ను గీటాడు.

ఒక్కో రోగి పోయాక డాక్టరు నడవలో ఆగి, "అడగాల్సినవి ఏమన్నా ఉన్నాయా?" అనేవాడు. ఆ రోజు కూడా అడిగాడు. అప్పుడు గది లేదు, రోగి లేడు, నోరు ఉండొచ్చు. కానీ ఆయన్ను దిద్దినట్టు అవుతుందేమోనని పిల్లకు భయం. ఇంకో చోటు దొరకదు. ఆ చోటు పోతే వేసవి పోయింది, వేసవి పోతే అన్నీ పోయినట్టే. అందుకని రక్తపోటు మాత్ర గురించి ఏదో అడిగింది, పుస్తకంలో చదివినది.

"మంచి ప్రశ్న," అన్నాడు డాక్టరు, పక్క గది తలుపు తోస్తూ.

సాయంత్రం ట్రక్కులో ఆర్విల్ మహా హుషారుగా ఉన్నాడు. దారిలో దుకాణం దగ్గర ఆపి పెద్ద ప్లాస్టిక్ జగ్గు కొన్నాడు, ఎర్ర మూతది.

"నీళ్ళు తాగమన్నాడు, అంతే. ఇంత సులువు వైద్యం నాకెప్పుడూ ఎవరూ చేయలేదు. మంచి గురువును పట్టావే."

"తాతా, రాత్రిళ్ళు నీకు..." అని ఆగిపోయింది రేలిన్. గదిలో విన్నది గది దాటకూడదు. ఎవరిదైతే ఆ మాట, ఆయనతోనే అనొచ్చని దానికి ఆ క్షణంలో తోచలేదట. ఇప్పుడు చెప్తే మనకు వెర్రితనంగా ఉంటుంది. ఆ వయసులో, ఆ భయంలో, గీసిన గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కనపడదు.

"రాత్రిళ్ళు నాకేంటి?"

"ఏం లేదు తాతా. ఫ్యాను జరుపుకో."

ఆ రాత్రి భోజనాల దగ్గర నన్ను అడిగింది.

"అమ్మమ్మా, ఉక్కగా ఉందని ఎవరన్నా అంటే నువ్వేం అనుకుంటావు?"

"దిండ్లు తెస్తాను. ఎవరన్నారే?"

"ఎవరూ అనలేదు. కాలేజీకి రాసుకుంటున్నా, మన మాటల గురించి."

మన మాటలు కూడా కాలేజీకి పనికొస్తాయా అని నాకు ముచ్చటేసింది. మా అమ్మ చివరి చలికాలం గురించి, ఆమె కాళ్ళు పొంగి మేజోళ్ళు పట్టకపోవడం గురించి, పొయ్యి పక్కన కూర్చునే ఆమె నిద్రపోవడం గురించి చాలాసేపు చెప్పాను. పిల్ల అన్నం కెలుకుతూ విన్నది. పళ్ళెం అలాగే వదిలేసి లేచింది. ఎండకు ఆకలి లేదంది.

తర్వాతి రోజుల్లో ట్రక్కు గలగలమంటూనే వచ్చింది, "రథం సిద్ధం" మాత్రం రాలేదు. ఆర్విల్ దిగి తలుపు తీయడం మానేశాడు. ఎర్ర మూత జగ్గు సీటు మీద ఇద్దరి మధ్యా కూర్చునేది. మలుపు మలుపుకూ ఒక గుక్క. రేలిన్ రోజూ క్లినిక్ గుమ్మం దగ్గర, ఈ రోజు చెప్తాను అనుకునేదట. రోజూ ఎవరో ఒకరు గదుల నిండా ఉండేవాళ్ళు. ట్వైలా వచ్చాక ఆమెకైనా చెప్దామనుకుందట. ట్వైలా వస్తూనే ఎండకు కాలిన వీపుతో రెండు రోజులు సెలవు పెట్టింది.

ఒక మధ్యాహ్నం నేను బీన్స్ గిన్నె పట్టుకుని వంతెన దాటి ఆర్విల్ ఇంటికి పోయాను. వాలుకుర్చీలో ఉన్నాడు, ఒళ్ళో జగ్గు, మొహం మీద ఫ్యాను. ఇంటి చెప్పులు సగం కోసి తొడుక్కున్నాడు. ఆ కాళ్ళు చూసి గిన్నె ఎక్కడ పెట్టానో నాకే తెలీదు.

"ఏమయ్యా ఆర్విల్, అవి కాళ్ళా, పొంగిన రొట్టె ముద్దలా? డాక్టరుకు చూపించావా?"

"బూట్లు వేసుకుని పోయాను అక్కా. మంచివాళ్ళ ముందు పాదాలేం చూపిస్తాం."

"పడుకుంటున్నావా?"

"పడుకుంటే ఉక్క."

"ఆ మాట డాక్టరుతో అన్నావా లేదా?"

"విడమర్చి చెప్పాను. ఉక్కగా ఉందన్నాను. నీళ్ళు తాగమన్నాడు. తాగుతున్నా." మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఆయన చదువుకున్నవాడు. ఏదో కారణం ఉంటుంది."

నేను జగ్గు లాక్కున్నాను. కొండ దాటి పెద్దాసుపత్రికి పోదాం పద, ఎవరినో ఒకరిని పిలుస్తానన్నాను. ఆయన వినలేదు. డాక్టరు చూసి పంపాక మళ్ళీ పోయి ఆయన్ను తప్పుపట్టినట్టు కూర్చోవడం మర్యాద కాదన్నాడు. పొద్దున పిల్లను ఎటూ క్లినిక్‌కు తీసుకెళ్ళాలి కదా, అప్పుడు తనే లోపలికి వస్తానన్నాడు. "ఒక్క రాత్రి అక్కా. ఈ కుర్చీలో కూర్చుంటే నాకేం కాదు." జగ్గు మాత్రం తిరిగి ఇవ్వలేదు నేను. ఇంటికి తెచ్చి కడిగి బోర్లించాను.

రేలిన్ వరండాలో ఉంది.

"మీ డాక్టరు ఎలాంటివాడే? మనిషి ఎదురుగా కూర్చుని ఉక్కగా ఉంది అంటే, గుండె చేతకాక ఒంటి నిండా నీరు పట్టిన మనిషికి ఇంకా నీళ్ళు పోస్తాడా?"

దాని మొహం తెల్లబడిపోయింది.

"ఆయనకు అర్థం కాలేదమ్మమ్మా. ఎండ అనుకున్నాడు."

"నీకెలా తెలుసు?"

"నేను అక్కడే ఉన్నా."

అది వరండా మెట్ల మీద మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది, చిన్నప్పుడు తల్లి కోసం కూర్చున్నట్టే. రేపు క్లినిక్‌లో అడుగుపెట్టగానే చెప్తానంది. పంపించేస్తే పంపించేస్తారంది. ఇప్పుడే ఫోన్ చేయమన్నాను. క్లినిక్ మూసేశారు, సందేశాలు తీసుకునే మర పలికింది, దానికే అంతా చెప్పింది. అత్యవసరమైతే పెద్దాసుపత్రికి పోండని ఆ మర ముందుగానే చెప్పి ఊరుకుంది. మళ్ళీ ఇద్దరం వంతెన దాటి ఆర్విల్ దగ్గరికి పోయాం. ఈసారి పిల్లే బతిమాలింది, నేను గదమాయించాను. ఆయన రేలిన్ చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు కాదు తల్లీ, పొద్దున్నే మనిద్దరం రథం ఎక్కి పోదాం" అన్నాడు. మా కొండ మనిషి వద్దన్నాక అంబులెన్సు పిలిచినా ఎక్కడు.

పొద్దున ట్రక్కు వచ్చింది. వచ్చింది కాబట్టి దేవుడున్నాడనుకున్నాను. నేనూ ఎక్కుతానంటే, "ఇరుకు అక్కా, కాళ్ళే సగం సీటు తింటున్నాయి" అన్నాడు. అదే నాతో ఆయన ఆఖరి మాట.

చర్చి దాటాక మలుపులో ట్రక్కు ఆపాడట. కిటికీలోంచి తల బయటపెట్టి గాలి కోసం చూశాడట.

"కాస్త ఉక్కగా ఉంది తల్లీ. నువ్వు తోలు."

ఫోనుకు సిగ్నల్ లేదు ఆ లోయలో. రేలిన్ ఆయన్ను పక్క సీటులోకి నెట్టి, బెల్టు పెట్టి, తనే తోలింది. తోలుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉందట, వేసవంతా మాట్లాడనిదంతా. ఆయన ఒకసారి "ఊఁ" అన్నాడు. తర్వాత అనలేదు.

క్లినిక్ ముందు కంకర మీద డాక్టర్ బ్రాంట్ మోకాళ్ళ మీద కూర్చుని చేతనైనంత చేశాడు. ఆయన చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయిందట. ఆర్విల్ చెప్పు ఒకటి ఊడి పక్కన పడింది. ఆ పాదం డాక్టరు అప్పుడే మొదటిసారి చూశాడు. చేతులు ఆపి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. కొండ అవతలి అంబులెన్సు వచ్చేసరికి దానికి పని లేదు.

"ఉక్క అంటే ఊపిరాడకపోవడం డాక్టరుగారూ," అంది రేలిన్. "పడుకుంటే ఊపిరాడకపోవడం. మా దగ్గర అలా అంటాం."

ఆయన తలెత్తాడు. "నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఎప్పుడూ తెలుసు."

"మరి నన్ను ఆపలేదేం?"

"గదిలో నాకు నోరు లేదన్నారు."

ఆయన తిట్టలేదు. తిట్టుంటే బాగుండేదంటుంది రేలిన్. ఆయన కంకర మీదినుంచి లేవకుండా, "అవును, అన్నాను," అన్నాడట. అంతే. ఆ సాయంత్రం ఆయనే పిల్లను మా ఇంటిదాకా దింపి, నా చేతిని రెండు చేతులతో పట్టుకుని, వదిలి వెళ్ళిపోయాడు.

ఆర్విల్‌కు పిల్లల్లేరు. వాగు ఇరువైపుల జనమంతా వచ్చారు. ఒకరు పాట చరణం అందిస్తే మిగతావాళ్ళు సాగదీసి పాడే మా పాత పద్ధతిలోనే పాడి, ఓర్లీనా పక్కన మట్టి చేశాం. ఆడవాళ్ళు వంటకాలు తెచ్చారు. ప్రతివాళ్ళూ రేలిన్ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"చివరి ఘడియలో నువ్వు పక్కన ఉన్నావు కదమ్మా, అదే ఆయన అదృష్టం. డాక్టరు కాబోయే పిల్ల పక్కన ఉంది."

అది తల ఊపింది. అందరికీ తల ఊపింది.

వేసవి మిగతా రోజులు కూడా క్లినిక్‌కు పోయింది. పోవద్దన్నాను. మానేస్తే ఆర్విల్ తాత రోజూ తోలిందంతా వృథా అవుతుందంది. నడిచిపోయేది, ఎవరన్నా ఎక్కించుకుంటే ఎక్కేది. డాక్టరు తన గోడ మీద మా మాటలు రాసి అంటించుకున్నాడట, ఉక్క, దుమ్ము, ఇంకా ఏవో, రేలిన్‌ను అడిగి అడిగి. ఇప్పుడు గదిలో కూడా అడిగేవాడట, "నీకేమన్నా తోస్తోందా?" అని. తోచేది కాదట దానికి. పిల్లను ఎంతో పొగిడి పంపాడు. మరుసటి ఏడు ఆయన గడువు తీరింది, వెళ్ళిపోయాడు. గోడకు సున్నం వేశారు.

వైద్య కళాశాలవాళ్ళు రేలిన్‌ను పిలిచారు. మార్కులున్నాయి, వేసవి ఉంది. మంచి కోటు అరువు తెచ్చి వేసి పంపాను. బల్లవతల కూర్చున్నవాళ్ళు మర్యాదగానే అడిగారట: ఆ వేసవి నీకేం నేర్పిందో చెప్పమ్మా. నోరు తెరిచిందట. మాట రాలేదట. వాళ్ళు నీళ్ళ గ్లాసు జరిపారట ముందుకు. ఆ గ్లాసు చూసి లేచి వచ్చేసింది. మళ్ళీ ఎవరూ పిలవలేదు, అది ఎవరినీ అడగలేదు. ఇప్పుడు కొండ మలుపులో వృద్ధాశ్రమంలో పని చేస్తుంది. ముసలివాళ్ళను ఎత్తుతుంది, కడుగుతుంది, తినిపిస్తుంది. పని బాగా చేస్తుందంటారు, మాట మాత్రం వినపడదంటారు.

ఈ వసంతంలో నాకూ మొదలైంది. దిండు ఒకటి, తర్వాత రెండు. కొత్త డాక్టరు డాక్టర్ పెరాల్టా, నవ్వు మొహం ఆవిడ, ఎక్కడిదో దూరదేశపు పిల్ల. మూల స్టూలు మీద ఎవరో కాలేజీ అమ్మాయి, చేతులు ఒళ్ళో కట్టుకుని. ఇబ్బందా అని నన్ను అడిగారు. లేదన్నాను.

"రాత్రిళ్ళు ఉక్కగా ఉంటోందమ్మా," అన్నాను.

డాక్టరమ్మ కిటికీకేసి చూసింది. నేను స్టూలుకేసి చూశాను. ఆ అమ్మాయి ఎవరి పిల్లో గాని మావైపు పిల్లే, ఆ మాట తెలుసని మొహం చెప్పేసింది. చెప్పేసి, తన బూట్లకేసి చూసుకుంది.

అప్పుడు నేనే చెప్పాను. ఉక్క అంటే ఇదమ్మా అని. చెప్పి, మేజోళ్ళు దించి పాదాలు చూపించాను. మొత్తం చెప్పడానికి మీరు ఒక బీన్స్ కాయ ఈనె తీసేంత సేపు పట్టిందేమో. డాక్టరమ్మ వెంటనే కుర్చీ దగ్గరికి లాక్కుంది. నీళ్ళ మాత్రలు ఇచ్చింది, ఒంట్లో నీరు లాగేవి. చిన్నవి, తెల్లవి. వారం తిరక్కుండానే నేను మంచం మీద పడుకున్నాను.

ఆర్విల్‌కు అందకపోయినవి అంత చిన్నవని రేలిన్‌కు తెలియకూడదనిపించింది. మొక్కజొన్న పిండి డబ్బా వెనక పెట్టుకుని, అది లేనప్పుడు వేసుకుంటున్నాను.

అయినా రోజూ సాయంత్రం పని నుంచి వచ్చి, సంచి కింద పెట్టి, నా కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంటుంది. నా మేజోడు దించి, నీరు పట్టిందేమోనని చీలమండ మీద బొటనవేలు నొక్కుతుంది, గట్టిగా. వేలు తీసి, గుంట పూడుతుందా లేదా అని చూస్తుంది. పూడుతోంది. మేజోడు పైకి లాగుతుంది. ఏమన్నా అంటుందేమోనని నేను దాని మొహం చూస్తాను. లేచి పోయి పొయ్యి వెలిగిస్తుంది.